డ్యాష్‌బోర్డులో రివాల్వర్, స్టీరింగ్ దగ్గర డ్రైవర్: ఒక ఆర్మ్స్ యాక్ట్ కేసు మొదట్నుంచి చివరిదాకా

ఎలక్షన్ టైమ్‌లో బెంగళూరులో క్రిమినల్ ప్రాక్టీస్ చేసే తెలుగు లాయర్లకి రెండు రకాల ఫోన్లు తప్పవు. ఒకటి కార్లో క్యాష్ పట్టుకున్నారని, రెండోది కార్లో తుపాకీ పట్టుకున్నారని. క్యాష్ కేసులో బ్యాంకు కాగితాలు చూపిస్తే ఏదో ఒకరోజు తేలిపోతది. తుపాకీ కేసు అట్లా తేలదు, పైగా లైసెన్స్ ఉన్నోళ్ళకే ఎక్కువ షాక్, ఎందుకంటే జేబులో లైసెన్స్ ఉంది కదా నాకేం అవుతది అన్న ధీమా ఉంటది వాళ్ళకి. ఇక్కడ రాసేది అలాంటి కేసే. క్లయింట్, డ్రైవర్ ఇద్దరి పర్మిషన్ తీసుకునే రాస్తున్నా, పేర్లు లేవు, స్టేషన్ పేరు కూడా లేదు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి "అన్నా, నాకు లైసెన్స్ ఉంది, కార్లో వేసుకుని బెంగళూరు రావచ్చా" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా.

క్లయింట్ హిందూపురం వైపు మనిషి. ఊర్లో పొలం, బోర్ బండ్లు, ఇటు దొడ్డబళ్ళాపుర వైపు లేఅవుట్ బిజినెస్. వారంలో సగం రోజులు నేషనల్ హైవే 44 మీదే ఉంటాడు. లైసెన్స్ మీద పాయింట్ 32 రివాల్వర్ ఉంది, కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీది, నాన్ ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి లైసెన్స్ ఇచ్చే రకం. లైసెన్స్ సక్రమంగానే ఉంది, రెన్యూవల్ కూడా అయింది, యూఐఎన్, అంటే లైసెన్సుదారు గుర్తింపు నంబర్ ఉంది. ఒక్కటే తిరకాసు, ఏరియా కాలమ్‌లో "ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం" అని ఉంది. కొడికొండ దాటి కర్ణాటకలో బాగేపల్లి వైపు వచ్చాడంటే ఆ కాగితం పవర్ అక్కడితో సరి. ఇది ఆయనకి తెలీదా అంటే తెలుసు. "తెలుసన్నా, కానీ ఎవరు చూస్తారు, పదేళ్ళుగా ఇట్లనే తిరగతాండాను" అన్నాడు నాతో.

2024 ఏప్రిల్. బెంగళూరు సీట్లకి పోలింగ్ 26న. మార్చి 16న షెడ్యూల్ వచ్చినప్పటి నుంచి ఎలక్షన్ కోడ్ అమల్లో ఉంది, రోడ్ల మీద ఎస్ఎస్‌టి చెక్‌పోస్టులు, అంటే స్టాటిక్ సర్వైలెన్స్ టీమ్‌లు, వీడియోగ్రాఫర్‌తో సహా కూర్చుని ఉన్నాయి. ఆ సాయంత్రం క్లయింట్ సిటీకి ఉత్తరం వైపు ఉన్న బంధువుల ఫ్లాట్‌లో దిగి, డ్రైవర్‌ని ఎయిర్‌పోర్ట్‌కి పంపించాడు, కూతురు, అల్లుడు వస్తున్నారని. డ్రైవర్ వయసు ఇరవై నాలుగు, మడకశిర దగ్గర పల్లె. ఒంటరిగా ఫార్చ్యూనర్ నడుపుకుంటూ పోతుంటే చెక్‌పోస్ట్‌లో ఆపారు. వాళ్ళు వెతుకుతున్నది డబ్బు. డిక్కీ చూశారు, సీట్ల కింద చూశారు, డ్యాష్‌బోర్డు తెరిచారు. ఆర్‌సి, ఇన్సూరెన్స్ కాగితాలు, పాత టోల్ రసీదుల కట్ట, ఒక జండూబామ్ సీసా, దాని వెనక గోధుమరంగు తోలు పౌచ్. పౌచ్‌లో రివాల్వర్, సిలిండర్‌లో ఆరు రౌండ్లు.

ఆ వీడియో నేను తర్వాత చాలాసార్లు చూశా. కానిస్టేబుల్ కన్నడలో ఇది ఎవరిది అని అడుగుతాడు. కుర్రాడు ఒక్క సెకను కూడా ఆలోచించకుండా తెలుగులోనే "సార్‌ది సార్, ఎప్పుడూ ఆడనే ఉంటది" అంటాడు. ఈ రెండు ముక్కల మీదే కేసు మొత్తం నడిచింది. తుపాకీ అక్కడ ఉందని కుర్రాడికి ముందే తెలుసని దాంట్లో ఉంది, అంటే వాడికి ప్రమాదం. ఓనర్ దాన్ని ఎప్పుడూ కార్లోనే వదిలేస్తాడని కూడా ఉంది, అంటే ఓనర్‌కి ప్రమాదం. పాపం నిజం చెప్పాడు, అది ఇద్దరికీ తగిలింది.

ఓనర్ ఫోన్‌లో లైసెన్స్ ఫోటో పెట్టుకుని ఆటోలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒరిజినల్ ఊర్లో బీరువాలో ఉంది. అప్పటికే మహజర్, అంటే పంచనామా, రాయడం మొదలైంది.

ఎఫ్ఐఆర్‌లో డ్రైవర్ ఎ1, ఓనర్ ఎ2. ఇద్దరి మీదా ఆర్మ్స్ యాక్ట్ సెక్షన్ 25(1బి)(ఎ), ఓనర్ మీద అదనంగా సెక్షన్ 30, ఎలక్షన్ ఆర్డర్ ఉల్లంఘించారని ఐపీసీ 188. ఏప్రిల్ కదా, కొత్త చట్టాలు జులై 1న వచ్చాయి, కాబట్టి అన్నీ పాత సెక్షన్లే. డ్రైవర్‌ని అరెస్ట్ చేసి రిమాండ్‌కి పంపారు, పరప్పన అగ్రహార జైలుకి. ఓనర్‌కి మాత్రం 41ఎ నోటీస్, అంటే అరెస్ట్ లేకుండా విచారణకి రమ్మనే కాగితం, ఇచ్చి ఇంటికి పంపారు. సుప్రీంకోర్టు అర్నేశ్ కుమార్ జడ్జిమెంట్ 2014లో వచ్చింది, ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో ఆటోమేటిక్‌గా అరెస్ట్ చేయకూడదు, కారణాలు రాయాలి అని. ఒకే సెక్షన్, ఒకే తుపాకీ, పోలీసులకి ఆ జడ్జిమెంట్ ఓనర్ విషయంలో గుర్తొచ్చింది, డ్రైవర్ విషయంలో గుర్తురాలేదు. ఇలాంటివి చూసీ చూసీ నాకు కోపం రావడం తగ్గిపోయింది, బెయిల్ పిటిషన్‌లో మొదటి పేరా చేసుకోవడం మాత్రం మానలేదు.

ఆ రాత్రే మా ఆఫీసుకి క్లయింట్, ఆయన బామ్మర్ది వచ్చారు. బామ్మర్ది ప్లాన్ రెడీగా ఉంది: "డ్రైవర్ గాడే ఊర్లో బీరువాలోంచి తీసుకొచ్చాడని చెప్తే సరిపోతది కదా సార్, వాడికి మనం చూసుకుంటాం, ఇంటికి నెలనెలా డబ్బులు పంపిస్తాం." ఫ్యాక్షన్ రోజుల నుంచి మా సీమలో ఈ పద్ధతి ఉంది, ముద్దాయిలుగా లొంగిపోయే మనుషులు వేరే ఉంటారు. నేను చెప్పింది రెండు ముక్కలు. అబద్ధం చెప్పించే పని నేను చేయను, అది మొదటిది. రెండోది, నీతి సంగతి పక్కన పెట్టినా ఆ ప్లాన్ పనికిరాదు, వీడియోలో "ఎప్పుడూ ఆడనే ఉంటది" అని ఉంది, పైగా దొంగతనం అయితే మరి పోయిందని కంప్లైంట్ ఎందుకు ఇవ్వలేదు, ఆయుధం భద్రంగా ఎందుకు పెట్టుకోలేదు అని లైసెన్స్ మొదటికే ఎసరు. బామ్మర్ది ముఖం మాడ్చుకున్నాడు. క్లయింట్ మాత్రం కాసేపు నేల చూసి, "వాడి మీద వేయొద్దులే అన్నా, వాళ్ళమ్మ మా ఇంట్లోనే పనిచేసింది" అన్నాడు.

అయితే ఇద్దరికీ నేనే లాయర్‌గా ఉండటం కుదరదు. ఓనర్ డిఫెన్స్ ఒక వైపు లాగుతుంది, డ్రైవర్ డిఫెన్స్ ఇంకో వైపు. ఓనర్ "తుపాకీ నా కంట్రోల్‌లోనే ఉంది" అనాలి, లేకపోతే లైసెన్స్ పోతుంది. డ్రైవర్‌కి కూడా "అది ఓనర్ కంట్రోల్‌లోనే ఉంది, నాది కాదు" అన్నదే దిక్కు. వినడానికి ఒకటే మాటలా ఉంది గానీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎక్కడ విడిపోతుందో చెప్పలేం. అందుకని డ్రైవర్‌కి వేరే లాయర్‌ని పెట్టించా, నా ఫ్రెండే, కొడగు అమ్మాయి, ఫీజు ఓనర్ కట్టాడు గానీ ఆమె మాట్లాడేది డ్రైవర్‌తోనే అని ముందే రాసుకున్నాం. డ్రైవర్‌కి బెయిల్ ఆమే తెచ్చింది.

ఇక ఆ తుపాకీ అసలు కార్లోకి ఎందుకొచ్చింది అన్నది. చార్జిషీట్‌లో ఇది ఎక్కడా ఉండదు, కానీ నాకు కేసు అర్థమైంది అక్కడే.

క్లయింట్ చిన్నాయన్ని తొంభైల్లో చంపేశారు, ఫ్యాక్షన్ గొడవల్లో. ఆ భయం ఇంట్లో ఇంకా ఉంది. దానికి తోడు లేఅవుట్ బిజినెస్, దొడ్డబళ్ళాపుర వైపు ఒక సర్వే నంబర్ మీద లిటిగేషన్, ఫోన్లో బెదిరింపులు. అందుకని లైసెన్స్ తీసుకున్నాడు. ఆయన లెక్కలో తుపాకీ అంటే బతుకు మీద ఇన్సూరెన్స్. ఆయన భార్య లెక్క వేరే. ఇంట్లో మనవళ్ళు తిరుగుతుంటారు, బీరువా తాళాలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, "అది ఇంట్లో ఉంటే నేనుండను" అని ఆమె కొత్తలోనే తెగేసి చెప్పింది. అందుకని ఆయన దాన్ని తీసుకెళ్ళి కార్లో పెట్టాడు. లైసెన్స్ కాగితం బీరువాలో, తుపాకీ డ్యాష్‌బోర్డులో. ఇంట్లోవాళ్ళని కాపాడటానికి కొన్న వస్తువు, ఇంట్లోవాళ్ళు వద్దన్నందుకు రోడ్డు మీదకి వచ్చేసింది. ఆమె తప్పు అనట్లేదు, నేనైతే ఆమె పక్షమే, కానీ ఇద్దరూ రాజీపడిన చోటు డ్రైవర్ మోకాళ్ళ పక్కన అన్నది ఇద్దరికీ తట్టలేదు.

ఆఖరిసారి ఎప్పుడు కాల్చారు అని అడిగా. కొన్నప్పుడు షాపువాళ్ళు చూపించారంట, అంతే. రౌండ్లు కూడా అప్పుడు కొన్నవే. ఎఫ్ఎస్ఎల్, అంటే ఫోరెన్సిక్ ల్యాబ్, రిపోర్ట్‌లో పనిచేసే కండిషన్‌లో ఉందని వచ్చింది కాబట్టి ఆ వాదన మనకి దొరకలేదు, కానీ వాడటం రాని మనిషి లోడ్ చేసి పెట్టుకుని తిరగడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

క్లయింట్ వాళ్ళ నాన్నకి ఎనభై దాటాయి. ఆయన దగ్గర కూడా తుపాకీ ఉంది, సింగిల్ బ్యారెల్, పంట రక్షణ లైసెన్స్, అడవి పందుల కోసం. వేరుశనగ చేన్లో పందులు పడితే తెల్లారేసరికి ఏం మిగలదని సీమలో ఎవర్నడిగినా చెప్తారు. ఆ పెద్దాయన ప్రతి ఎలక్షన్‌కీ నోటీస్ రాకముందే స్టేషన్‌కి పోయి తుపాకీ అప్పజెప్పి రసీదు తెచ్చుకుంటాడు, ఆ రసీదులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో దాచిపెట్టాడు, నాకు చూపించాడు కూడా. కొడుక్కి కూడా ఆ 2024లో డిపాజిట్ చేయమని ఊరి స్టేషన్ నుంచి కబురొచ్చింది. కొడుకు బెంగళూరులో ఉన్నానని ఎగ్గొట్టాడు. "ఒరే, తుపాకి చేనికి కాపలా, నీ నడుముకి కాపలా కాదురా నాయనా" అని పెద్దాయన నా ముందే తిట్టాడు. కొడుకు ఏం మాట్లాడలేదు.

మా కొడగు లాయరమ్మ ఈ సంగతులన్నీ వింటూ నవ్వేది. కొడగులోని కొడవ జనానికి ఆర్మ్స్ యాక్ట్ సెక్షన్ 41 కింద లైసెన్స్ నుంచి మినహాయింపు ఉంది, బ్రిటిష్ కాలం నుంచి వస్తున్నది, దాన్ని చాలెంజ్ చేస్తే 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. సెప్టెంబర్‌లో కైల్‌పోళ్దు పండగకి తుపాకులు పూజలో పెడతారు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో తుపాకీ చూస్తూ పెరిగిన మనిషి ఆమె, తుపాకీ అంటే భయం లేదు, వద్దనే రకమూ కాదు. కానీ ఈ కేసులో అందరికంటే ఎక్కువ కోపం ఆమెకే వచ్చింది. "మా ఇంట్లో ఎవరైనా లోడెడ్ గన్ కార్లో వదిలి దిగిపోతే మా తాత ఆ మనిషిని మళ్ళీ తుపాకీ ముట్టుకోనివ్వడు" అంది. తుపాకీ ఉండాలా వద్దా అని కొట్టుకునేవాళ్ళని రెండు పార్టీలుగా చూడటం మనకి అలవాటు. ఈ కేసులో క్లయింట్ భార్య, నాన్న, కొడగు లాయరు ముగ్గురివీ మూడు అభిప్రాయాలు, కార్లో వదిలేయడం దగ్గర మాత్రం ముగ్గురూ ఒకటే మాట.

ఇక సెక్షన్లు. కాస్త ఓపికగా చదవండి, పనికొచ్చేది ఇక్కడే ఉంది.

సెక్షన్ 25(1బి)(ఎ) అంటే లైసెన్స్ లేకుండా ఆయుధం కలిగి ఉండటం. 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళు, జరిమానా అదనం. నాన్ బెయిలబుల్. సెక్షన్ 30 అంటే లైసెన్స్ ఉండి దాని షరతులు తప్పడం. ఆరు నెలల వరకు జైలు లేదా రెండు వేల వరకు జరిమానా లేదా రెండూ. బెయిలబుల్. ఈ రెండింటికీ మధ్య దూరం చూడండి, మన కేసు మొత్తం ఓనర్‌ని మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి లాక్కురావడమే. మా వాదన సింపుల్‌: మనిషికి చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉంది, ఆయుధం నంబర్ లైసెన్స్‌లో ఉన్నదే, తప్పింది ఏరియా షరతు ఒక్కటి, కాబట్టి 30. ప్రాసిక్యూషన్ వాదన కూడా తీసిపారేసేది కాదు: రాష్ట్రం దాటాక ఆ లైసెన్స్ ఇక్కడ లేనట్టే, లేనప్పుడు లైసెన్స్ తప్పనిసరి అనే సెక్షన్ 3 ఉల్లంఘనే, కాబట్టి 25. మా మేజిస్ట్రేట్ మా వైపు మొగ్గారు. ప్రతి కోర్టూ ఇలాగే మొగ్గుతుందని దీన్ని చూసి ఎవరూ ధైర్యం తెచ్చుకోవద్దు.

డ్రైవర్ పరిస్థితి దీనికంటే ఇరుకు. సెక్షన్ 3లోనే ఒక వెసులుబాటు ఉంది, లైసెన్సుదారు పక్కన ఉన్నప్పుడు గానీ, ఆయన రాసిచ్చిన అనుమతితో గానీ, రిపేరుకో, రెన్యూవల్‌కో, ఆయన వాడకానికో వేరేవాళ్ళు ఆయుధం మోయొచ్చు. ఓనర్ కార్లో ఉండి ఉంటే డ్రైవర్ పేరు ఎఫ్ఐఆర్‌లో వచ్చేదే కాదేమో. ఓనర్ ఫ్లాట్‌లో దిగి లిఫ్ట్ ఎక్కిన నిమిషం నుంచి ఆ కుర్రాడు లైసెన్స్ లేకుండా లోడెడ్ రివాల్వర్‌తో బెంగళూరు రోడ్ల మీద తిరుగుతున్న మనిషి అయిపోయాడు, చట్టం అలా చూస్తుందని వాడికి తెలీకుండానే. అమ్మాయిని, అల్లుణ్ణి ఎక్కించుకుని ఉంటే కార్లో ఉన్న ముగ్గురూ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది.

అందుకని కొడగు లాయరమ్మ పొసెషన్, అంటే ఆయుధం కలిగి ఉండటం, అన్న మాట మీదే వాదించింది. గుణ్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది, పొసెషన్ అంటే చేతిలో ఉండటం ఒక్కటే కాదు, దాని గురించి తెలిసి ఉండటం, దాని మీద అధికారం లేదా కంట్రోల్ ఉండటం అని. సంజయ్ దత్ కేసులో 1994లో కాన్షియస్ పొసెషన్, అంటే తెలిసి కలిగి ఉండటం, అన్న మాట మళ్ళీ వచ్చింది. డ్రైవర్‌కి తెలుసు, అది వీడియోలోనే ఉంది, దాన్ని కాదనలేం. మిగిలింది కంట్రోల్. కారు మీద కంట్రోల్ ఉన్నంత మాత్రాన యజమాని డ్యాష్‌బోర్డులో పెట్టుకున్న వస్తువు మీద కంట్రోల్ ఉన్నట్టా? నెలజీతం మీద పనిచేసే కుర్రాడు "సార్, ఇది తీసేయండి, నేను బండి నడపను" అనగలడా? ఈ రెండో ప్రశ్న చట్టంలో ఉండదు, కానీ జడ్జి తలెత్తి చూసింది ఆ మాటకే.

ఓనర్‌ని ఇబ్బంది పెట్టింది 2016 ఆర్మ్స్ రూల్స్‌లో 32వ రూల్. పబ్లిక్ ప్లేస్‌లో హ్యాండ్‌గన్ తీసుకెళ్తే హోల్‌స్టర్‌లో ఒంటికి తగిలించుకుని ఉండాలి, లేదా బ్యాగులో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, అన్నింటికంటే ముఖ్యంగా మోసే మనిషికి దాని మీద పూర్తి కంట్రోల్ ఉండాలి. డ్యాష్‌బోర్డు హోల్‌స్టర్ కాదు. నువ్వు నాలుగో అంతస్తులో కాఫీ తాగుతుంటే ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద ఉన్న తుపాకీ నీ కంట్రోల్‌లో ఉందని ఏ లాయరూ నిలబెట్టలేడు. అంటే లైసెన్స్ ఆల్ ఇండియాది అయినా సరే ఈ పాయింట్ దగ్గర దొరికిపోయేవాడే, చాలామంది ఏరియా కాలమ్ ఒక్కటే చూసుకుని ఇది మర్చిపోతారు.

188 సంగతి త్వరగానే తేలింది, సంబంధిత అధికారి రాతపూర్వకంగా కోర్టుకి కంప్లైంట్ ఇస్తేనే కోర్టు దాన్ని తీసుకోవాలి, సీఆర్‌పీసీ 195 అదే చెప్తుంది, ఇక్కడ అది లేదు.

అసలు గుట్టు శాంక్షన్ కాగితంలో దొరికింది. ఆర్మ్స్ యాక్ట్ సెక్షన్ 39 ప్రకారం సెక్షన్ 3 నేరానికి ప్రాసిక్యూట్ చేయాలంటే జిల్లా మేజిస్ట్రేట్ హోదా ఉన్న అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. అది ఊరికే సంతకం కాదు, ఫైలు చదివి ఆలోచించి ఇచ్చినట్టు కనపడాలి. మా చేతికి వచ్చిన ఆర్డర్‌లో ఆయుధాన్ని "పిస్టల్" అని రాశారు. ఎఫ్ఎస్ఎల్ రిపోర్ట్‌లో "రివాల్వర్". మహజర్‌లో కూడా రివాల్వరే. పైగా "ఇద్దరు ముద్దాయిలూ ఎలాంటి లైసెన్స్ లేకుండా" అని ఉంది, అప్పటికి ఆంధ్ర నుంచి లైసెన్స్ నిజమైనదే అని వెరిఫికేషన్ రిపోర్ట్ వచ్చి ఫైల్లో ఉంది కూడా. వేరే ఏదో కేసు ఆర్డర్ మీద పేర్లు మార్చి టైప్ చేసినట్టు స్పష్టంగా కనపడుతోంది, కింద పేరాలో తూటాల సంఖ్య కూడా తేడా. కొడగు లాయరమ్మ ఈ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి కోర్టులో చదివింది, మా కంటే ప్రాసిక్యూటర్‌కే ముందు అర్థమైపోయింది. డ్రైవర్ డిశ్చార్జ్ అయ్యాడు, అంటే ట్రయల్ లేకుండానే కేసులోంచి బయటపడ్డాడు. పొసెషన్ వాదన మీద కోర్టు పెద్దగా ఏమీ తేల్చలేదు, శాంక్షన్ మీదే పోయింది, కాబట్టి కొత్త శాంక్షన్ తెచ్చుకుని మళ్ళీ వేయడానికి దారి ఉంది. ఇప్పటిదాకా వేయలేదు. కుర్రాడికి ఈ విషయం దాచకుండా చెప్పాం.

ఓనర్ మీద 25 పోయి 30 మిగిలింది. 30కి శాంక్షన్ అక్కర్లేదు, టైమ్ లిమిట్ ఏడాది, అది దాటకుండానే కోర్టు కేసు తీసుకుంది. ఫైట్ చేద్దామా అని అడిగాడు. నేరం ఒప్పుకుని జరిమానా కట్టు అని చెప్పా, రెండు వేలు కట్టాడు. దీని మీద తోటి లాయర్లు కొందరు నన్ను తప్పుబట్టారు, కన్విక్షన్ పడితే లైసెన్స్‌కి దెబ్బ కదా అని. నా లెక్క ఏంటంటే ట్రయల్‌కి పోతే డ్రైవర్‌ని సాక్షిగా పిలుస్తారు, వాడు నిజమే చెప్తాడు, ఆ నిజం రికార్డులోకి ఎక్కితే లైసెన్స్‌కి ఇంకా పెద్ద దెబ్బ. నేను ఇప్పటికీ అదే సలహా ఇస్తా.

మధ్యలో క్లయింట్ పెద్ద కొడుకు ఎపిసోడ్ ఒకటి ఉంది. డల్లాస్‌లో ఉంటాడు, సిటిజన్ అయిపోయాడు, టెక్సస్‌లో తుపాకీ కొనుక్కున్నాడు. రోజూ రాత్రి వీడియో కాల్‌లో "ఏందన్నా మీ ఇండియా, ఇక్కడ నా కార్లో కన్సోల్‌లోనే ఉంటది, పోలీసు ఆపినా పట్టించుకోడు" అని నాకే క్లాసు. ఆయన చెప్పేది అక్కడివరకు నిజమే. టెక్సస్‌లో 2007 నుంచే సొంత కార్లో హ్యాండ్‌గన్ బయటికి కనపడకుండా పెట్టుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు, 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇరవై ఒకటి దాటిన, వేరే చట్టాల కింద నిషేధం లేని మనిషి లైసెన్స్ లేకుండానే వెంట తీసుకెళ్ళొచ్చు. అక్కడ 1791 నాటి రెండో సవరణతో అది రాజ్యాంగ హక్కు. ఇక్కడ అలాంటి హక్కు లేదు, లైసెన్స్ అధికారి ఇస్తే ఉంది, సెక్షన్ 17 కింద తీసేస్తే లేదు. దీన్ని పట్టుకుని ఏది మంచి దేశం అని రాత్రంతా వాదించొచ్చు, వాళ్ళ ఇంట్లో వాదించారు కూడా.

కానీ కొడుక్కి నేను చెప్పింది వేరే. నువ్వు ఆ తుపాకీతో కాలిఫోర్నియా వెళ్ళి చూడు, టెక్సస్ లైసెన్స్ అక్కడ చెల్లదు, అంటే మీ నాన్న బాగేపల్లి దగ్గర చేసింది నువ్వక్కడ చేస్తే నీకూ కేసే. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి దారిలో తీసుకెళ్ళేవాళ్ళని కాపాడటానికి 1986లో అమెరికా ఫెడరల్ చట్టం ఒకటి వచ్చింది, దాంట్లో ఏముందంటే తుపాకీ లోడ్ చేసి ఉండకూడదు, చేతికి అందకూడదు, డిక్కీ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, ఆ పెట్టె గ్లోవ్ కంపార్ట్‌మెంట్ గానీ కన్సోల్ గానీ కాకూడదు అని పేరుపెట్టి మరీ రాశారు. తుపాకీ హక్కు ఉన్న దేశమే డ్యాష్‌బోర్డుని లెక్కలోంచి తీసేసింది. దీనికి కొడుకు "అది ట్రావెల్‌కి అన్నా, రోజూ తిరగడానికి కాదు" అన్నాడు, కరెక్టే, నేను కాదనను. కానీ అక్కడ కూడా కార్లలోంచి తుపాకులు దొంగతనం పోవడం పెద్ద తలనొప్పి, రాత్రిపూట కార్లో వదలొద్దని పోలీసులే మొత్తుకుంటారు.

అల్లుడు అదే ఊర్లో, హెచ్1బి మీద ఉన్నాడు. బావని చూసి తనూ ఒకటి కొందామనుకుంటున్నాడని ఈ కాల్స్‌లోనే బయటపడింది. గట్టిగా ఆపా. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ పెట్టుకోకూడదు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. తుపాకీ కోసం గ్రీన్‌కార్డ్ ఛాన్స్ పోగొట్టుకున్న మొదటి హిందూపురం అల్లుడివి అవుతావా అన్నా. బావ కారు నడిపేటప్పుడు కన్సోల్‌లో ఏముందో చూసుకోమని కూడా చెప్పా, అక్కడా ఇదే డ్రైవర్ కథ అవుతుంది, లాయర్ ఫీజు మాత్రం డాలర్లలో.

ప్రస్తుతం పరిస్థితి ఇది. కారు కోర్టు నుంచి ఇంటెరిమ్ కస్టడీ మీద, అంటే కేసు తేలేదాకా తాత్కాలికంగా, ముందే వచ్చేసింది. రివాల్వర్ రాలేదు. ఊర్లో లైసెన్స్ అథారిటీ షోకాజ్ ఇచ్చి లైసెన్స్ సస్పెండ్ చేసింది, సెక్షన్ 18 కింద అప్పీల్ వేశాం, పెండింగ్. అప్పీల్‌లో ఆయుధం తిరిగిస్తే గోడకి బిగించిన స్టీల్ సేఫ్‌లో పెడతానని, సేఫ్ బిల్లు, ఫోటో జతచేశాం. ఆ సేఫ్ ఇంట్లో పెట్టడానికి ఆయన భార్య ఒప్పుకుంది, తాళం తన దగ్గరే ఉంటుందన్న షరతు మీద. ఆ షరతు నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే తాళం ఆమె దగ్గర ఉంటే ఆయుధం ఆమె పొసెషన్‌లో ఉన్నట్టు అవుతుంది, ఆమెకి లైసెన్స్ లేదు. దాని మీద ఇంట్లో మళ్ళీ గొడవ నడుస్తోంది. పెద్దాయన మాత్రం అప్పీల్ వెనక్కి తీసుకో, పీడ విరగడైందనుకో అంటున్నాడు.

డ్రైవర్ ఆ ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు బెంగళూరులోనే ట్రావెల్స్ బండి నడుపుతున్నాడు. ఈ కేసు రాస్తున్నానని ఫోన్ చేస్తే ఒక్కటే అడిగాడు, "సార్, కస్టమర్ బ్యాగులో అట్లాంటిది ఉంటే నా మీద కేసు అయితదా?" తెలీకపోతే కాదు, తెలిస్తే బండి ఆపి 112కి కొట్టు, నువ్వు మాత్రం ముట్టుకోవద్దు అని చెప్పా.